మడిమె

మాదాపురంల తొమ్మిదో అంతస్తు.
నా ఉద్యోగం, పట్టుకొని కూర్చునుడు.
ఫోను కావచ్చు, చేతిపట్టీ కావచ్చు,
ఇంకా పేరు పెట్టని నల్ల డబ్బా కావచ్చు
అరచేతిల పెడ్తరు.
పాట అడుగున ఉండే బరువును జల్లెడ పట్టి
వణుకు చేసి పంపుతరు.
అది ఎట్లొచ్చిందో నేను రాయాలె.

చెవులున్నోళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే:
అరవై హెర్ట్జులకూ ఎనభైకీ తేడా తెలుస్తదా?
ఆ లెక్కలు నాకెందుకు.
అరవై అంటే బేగంపేట ప్లాట్‌ఫారం మీద బెంచీ,
రైలు ఇంకా కనపడకముందు.
ఎనభై, విజిలుకు ముందు కుక్కరు పిడి.
ఇరవై అయిదు, నా ఒడిల పక్కింటి పిల్లి,
దానికి కోపం రానంతసేపు.
నూట ఇరవై?
దోమ కాదు, దోమ కన్నా లావు,
మంగలి మిషను మెడ మీద ఆన్చినట్టు.
అజ్మత్ అన్నీ ఎక్కించుకున్నడు.
కోడ్‌ల 'కుక్కరు పిడి' అని రాసుకున్న మనిషి
ఈ ఊర్ల అతనొక్కడే అనుకుంట.

ఆషాఢంల ఒకనాడు డప్పు తెచ్చిండు.
చిలకలగూడల బోనాల నాడు రికార్డు చేసిండట,
మూడు రోజులు కోసి, కడిగి,
అడుగు శబ్దమొక్కటే మిగిల్చి
నా చేతిల పోసిండు.
ధమ్. ధమ్.
నున్నగ, తడి సబ్బు లెక్క.
అందరు నా ముఖమే చూస్తున్నరు.
నేను తలకాయ అడ్డం తిప్పిన.

ఇది డప్పు కాదు, డప్పు మీద కప్పిన దుప్పటి.

నేను పుట్టింది ఆ చిలకలగూడలనే.
డప్పులొస్తుంటే కిరాణం కొట్టు రేకు షట్టరుకు
రెండు చేతులు, ఒక చెంప ఆన్చి నిలబడేదాన్ని.
సిర్ర దెబ్బ రొమ్ముల పడ్తది, నిజమే.
సిటికెన పుల్ల మాత్రం
గోళ్ల మొదట్ల దురద పెడ్తది.
ఆ దురద లేకుంటే సిర్రకు దారి తెల్వది.
మీరు బరువును దాచుకొని
పుల్లను పారబోసిన్రు.

ఇంకొకటి కాగితం మీద రాసిచ్చిన:
మీ మోటారుకు కొట్టుడొచ్చింది, ఆగుడు రాలే.
దెబ్బ అయిపోయినంక గూడ గునుగుతనే ఉంటది,
పెండ్లయి వారమైనా కదలని చుట్టం లెక్క.
వణుకుడు జ్వరమొచ్చినోనికి గూడ వస్తది.
దెబ్బకూ దెబ్బకూ నడుమ
తోలు ఊరుకుంటది చూడు,
ఆడనే కాళ్లు లేస్తయి.

అజ్మత్ చదివి
చెవుల్ల వైర్లు పీకి
డబ్బా మీద అరచెయ్యి పెట్టి కండ్లు మూసిండు.
చానాసేపు.
వారం దినాలు మోటారుకు ఎదురు కరెంటిచ్చి
బ్రేకు నేర్పిండు.
మళ్ల పట్టుకున్న. సగమొచ్చింది.
'సగం' అని రాసిన. దానికే మిఠాయి పంచిండు.

ఇంట్ల సంగతి వేరే.
పాత ఇంటికి షాబాదు బండలుండె.
నన్ను పిలవాల్నంటే అమ్మ
మడిమెతోని బండను తన్నేది.
రెండు దెబ్బలు: అన్నం.
మూడు: ఎవరో వచ్చిన్రు.
ఒకటే, గట్టిగ: ఏం పనే అది!
బండ నుంచి నా అరికాలికి
వైరు లేదు, చార్జింగు లేదు,
రెప్పపాటు ఆలస్యం లేదు.
నిద్రల గూడ అమ్మ కోపం నాకందేది.

ఇప్పుడు మియాపూర్ల నాలుగో అంతస్తు, టైల్సు.
పాత అలవాటుకు అమ్మ
నిన్న రాత్రి రెండుసార్లు తన్నింది.
నాకు రాలే.
కింది ఫ్లాటు సత్యవేణమ్మకు పోయింది.
చెప్పులు గూడ లేకుంట ఎక్కొచ్చి
గుమ్మంల నిలబడి
ఏందేందో అంటున్నది. పెదవులు చదివిన:
మా ఇంట్ల బుడ్డి లైటు ఊగుతున్నది, ఏం దంచుతున్రు?

అమ్మ నా దిక్కు తిరిగి
తడి చేతులతోని చెప్పింది,
అన్నం పిలుపు ఆమెకందిందే.

మూడో కంచం కడిగింది.